సరదాకి పడవ నడిపి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ రాదా? ఆసుపత్రిలో వేలిముద్ర వేస్తే కేసు పోయినట్టేనా?

ప్రశ్న: మాది గార మండలం. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌ని. డిగ్రీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉన్నప్పుడు తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. ఆ ఇష్టంతోనే ఫ్రెండ్స్‌మి కలిసి చిన్న పడవ కొనుక్కుని ఆదివారాలు కళింగపట్నం దగ్గర వంశధార మొగలో, అంటే నది సముద్రంలో కలిసేచోట, తిప్పుకుంటాం. మొన్న కార్తీకమాసంలో పిక్నిక్ జనాన్ని డబ్బులకి తిప్పే ఇంజను బోటు ఒకటి స్పీడుగా వచ్చి మా పడవని పక్కనుంచి గుద్దింది. తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్ర, బూమ్ అంటాం, అది ఒక్కసారిగా తిరిగి నా కుడి భుజానికి కొట్టింది. తాడు బిగిసి రెండు వేళ్లు నలిగాయి. కాలర్ బోన్‌కి ప్లేటు వేశారు. మూడు నెలలు జీతం లేదు. ఆపరేషన్ అయిన మర్నాడే బోటు యజమాని ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి 20 వేలు చేతిలో పెట్టి, 'ఇకపై ఏ క్లెయిమూ లేదు, పోలీసు కేసు పెట్టను' అన్న కాగితం మీద నా ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నాడు. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లేమో ఇది సాహస క్రీడ, డబ్బు ఇవ్వం అని లెటర్ పంపారు. ఇంట్లో 'సరదాకి పోయి తెచ్చుకున్నావు' అంటున్నారు. నాకు హక్కు ఏదైనా మిగిలిందా? భుజం నయమయ్యాక మళ్లీ పడవ ఎక్కితే కేసు పాడవుతుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఒక మాట. మీరు సరదాకి పడవ నడపడం తప్పు కాదు, చట్టం దాన్ని తప్పుగా చూడదు కూడా. ఇంకా చెప్పాలంటే ఇన్సూరెన్స్ విషయంలో మీరు సరదాగా నడిపేవారు కావడమే మీకు బలం. ఎలాగో చెప్తాను.

మీ పాలసీ పుస్తకం తీసి మినహాయింపుల పేజీ చూడండి. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల వల్ల హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకే మాటల్లో ఉంటుంది, కోడ్ ఎక్స్‌క్లూజన్ 09 అని. అందులో ఉన్నది 'ప్రొఫెషనల్‌గా' ప్రమాదకర క్రీడల్లో పాల్గొనడం వల్ల అవసరమైన చికిత్స అని. పర్వతారోహణ, రాఫ్టింగ్, స్కూబా డైవింగ్, స్కై డైవింగ్ లాంటివి ఉదాహరణలుగా రాశారు, సెయిలింగ్ పేరు ఆ జాబితాలో లేదు. 'ఇవి మాత్రమే కాదు' అన్న తోక ఉంది కాబట్టి కంపెనీ లాయరు దాన్ని పట్టుకుంటాడు, పట్టుకోనివ్వండి, ప్రొఫెషనల్ అన్న మాటని మాత్రం ఆయన దాటలేడు. లెక్కలు చెప్పి జీతం తీసుకునే మనిషి ఆదివారం పూట పడవ తిప్పితే ప్రొఫెషనల్ ఎలా అవుతాడు? మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కంపెనీ, మీరు కాదు. క్లాజులో సందేహం ఉంటే పాలసీదారుకి అనుకూలంగా చదవాలన్నది సుప్రీం కోర్టు ఎన్నోసార్లు చెప్పిన సూత్రం. మీది హెల్త్ పాలసీ కాకుండా విడిగా తీసుకున్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ అయితే మాటలు వేరుగా ఉండొచ్చు, అందుకే పుస్తకం చూడమంటున్నాను. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడకండి.

ఇక్కడ ఇంకో కాగితం ముఖ్యం, చాలామంది అసలు చూడరు. ఆసుపత్రి కేస్ షీట్‌లో మొదటి పేజీ, దెబ్బ ఎలా తగిలిందో రాసే వరుస. మిమ్మల్ని క్యాజువాలిటీకి మోసుకెళ్లిన హడావిడిలో పక్కనున్నవాళ్లు ఎవరో 'సెయిలింగ్ చేస్తుంటే' అంటారు, డ్యూటీ డాక్టరు దాన్ని 'అడ్వెంచర్ స్పోర్ట్స్ ఇంజురీ' అని రాసేస్తాడు, కంపెనీ ఆ మూడు మాటల మీదే తిరస్కరణ లెటర్ కట్టేస్తుంది. ఇలాంటివి చూస్తూనే ఉంటాం. కేస్ షీట్ మొత్తం కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. అందులో ఇంజను బోటు గుద్దిన సంగతి లేకపోతే, మీరూ పడవలో ఉన్న మీ ఫ్రెండ్సూ అఫిడవిట్ ఇవ్వండి. దిద్దించే ప్రయత్నం మాత్రం వద్దు, దిద్దిన కేస్ షీట్ కన్నా దిద్దనిదే మేలు.

తర్వాత కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే కంపెనీల మీద పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారికి, వెళ్లండి. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వాళ్లు తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది, దానికి రెండేళ్ల గడువు. రెండుచోట్లా ఒకేసారి వేయకూడదు, వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.

ఇప్పుడు ఆ వేలిముద్ర. మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఇదే. కుడిచెయ్యి కట్టులో ఉండి సంతకం పెట్టలేని మనిషి దగ్గర, మత్తుమందు ప్రభావం పూర్తిగా దిగకముందే, పెద్దల్ని చుట్టూ నిలబెట్టి బొటనవేలికి సిరా రాయడాన్ని రాజీ అనరు. 1872 కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ ఇలాంటి పరిస్థితినే పేర్కొంది. జబ్బు వల్లో శారీరక, మానసిక బాధ వల్లో ఆలోచనాశక్తి దెబ్బతిన్న మనిషిని లొంగదీసుకుని రాయించుకున్న ఒప్పందాన్ని అతను రద్దు చేసుకోవచ్చు. ఆ కాగితం దానంతట అదే చెల్లకుండా పోదు, రద్దు చేస్తున్నానని మీరు చెప్పాలి, అదీ ఆలస్యం లేకుండా. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ పరిస్థితిలో ముద్ర వేయించారు కాబట్టి ఆ కాగితాన్ని ఒప్పుకోవడం లేదనీ, తీసుకున్న 20 వేలు నాకు రావాల్సిన పరిహారంలో తగ్గించుకోవచ్చనీ స్పష్టంగా రాయండి. డబ్బు సంగతి దాచకండి. డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ తేదీ, ఆ కాగితం మీద తేదీ పక్కపక్కన పెడితే మీ మాట జడ్జిగారికి తేలిగ్గా అర్థమవుతుంది. ఇక 'పోలీసు కేసు పెట్టను' అన్న షరతుకి ఎలాగూ విలువ లేదు, డబ్బు తీసుకుని నేరాన్ని కప్పిపుచ్చే ఒప్పందం అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

పోలీసు కంప్లయింట్ ఇప్పుడైనా ఇవ్వండి. పడవని నిర్లక్ష్యంగా నడిపితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 282వ సెక్షన్, అలాంటి పనివల్ల ఎముక విరిగితే 125(బి) సెక్షన్, దానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయమే. ఇన్నాళ్లు ఎందుకు ఆగారో ఒక్క పేరాలో నిజం రాయండి: ఆసుపత్రి, ఆపరేషన్, ఆ కాగితం. కళింగపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. అక్కడ తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు.

డబ్బు పరిహారం దగ్గర చాలామంది పొరబడతారు, మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్తే చాలనుకుంటారు. ఇంజను ఉన్నా బోటు మోటారు వాహనం కాదు, మోటారు వాహనం అంటే రోడ్డు మీద నడిచేదే. కాబట్టి శ్రీకాకుళం సివిల్ కోర్టులో నష్టపరిహార దావా వేయాలి, మూడేళ్ల గడువు ఉంది. కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి ఉంటుంది. దావాకి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ పిటిషన్ (కేసు వేయకముందే రాజీ కోసం పెట్టే అర్జీ) వేసి చూడండి, ఖర్చు లేకుండా యజమానిని పిలిపిస్తారు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

తప్పు ఎవరిదన్న దానికి సముద్రం మీద దారి నియమాలు మీకు అండ. ఓడలు, పడవలు ఢీకొనకుండా పెట్టుకున్న 1972 అంతర్జాతీయ నియమాల్లో 18వ రూలు ప్రకారం ఇంజను పడవే తెరచాప పడవకి దారి వదలాలి. అవతలివాళ్లు 9వ రూలు ఎత్తుతారు, ఇరుకు కాలువలో తెరచాప పడవ పెద్ద ఓడలకి అడ్డం రాకూడదని. అది ఆ కాలువ దాటి పోలేని ఓడల కోసం, పిక్నిక్ బోటు కోసం కాదు. అయినా ఆ రోజు మొగలో ఎక్కడ ఇసుక మేట వేసి ఉంది, మీరు ఏ పక్కన ఉన్నారు అన్నది స్కెచ్ గీసి పెట్టుకోండి, వంశధార మొగ ఏడాదికో తీరుగా జరుగుతుంది, కేసు విచారణకి వచ్చేనాటికి ఆ ఇసుక అక్కడ ఉండదు. బోటుకి పర్మిట్ ఉందో లేదో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. లైఫ్ జాకెట్ వేసుకున్నారా అని మిమ్మల్నీ అడుగుతారు, జవాబు ఏదైనా ఉన్నదే చెప్పండి.

ఎంత అడగాలి? రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది ఒకటి గుర్తుంచుకోండి: డాక్టరు రాసే శాతం వేరు, ఆ వైకల్యం వల్ల సంపాదన ఎంత తగ్గిందన్నది వేరు. అదే ఎడమచెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలబడొచ్చు, డ్రైవరుకి బతుకుతెరువే పోతుంది. మీకు కుడి భుజం పైకి లేవకపోతే బోర్డు పైవరుస అందదు, వేళ్లు బిగవకపోతే సుద్దముక్క నిలవదు. కాలేజీ నుంచి జీతం కోత సర్టిఫికెట్, ఎలాంటి పని చేయలేకపోతున్నారో ప్రిన్సిపాల్ లెటర్ తీసుకోండి. కోర్టులు మందులు, జీతం దగ్గరే ఆగవు, నొప్పికీ, జీవితంలో కోల్పోయిన సంతోషాలకీ విడిగా పరిహారం ఇస్తాయి. ఇంట్లోవాళ్లు సరదా అంటున్నది ఆ లెక్కలోకే వస్తుంది. మీరు ఎన్నేళ్లుగా పడవ నడుపుతున్నారో చూపే ఫోటోలు, ఎన్‌సీసీ సర్టిఫికెట్ తీసి ఉంచండి.

ఫిజియోథెరపీ మాత్రం మానకండి. నొప్పిగా ఉందనో, రోజూ శ్రీకాకుళం రావడం కష్టమనో మధ్యలో వదిలేస్తే, చెయ్యి రాకపోవడానికి ఆయన అశ్రద్ధే కారణం అని అవతలి లాయరు అంటాడు, కోర్టు ఆ మేరకు తగ్గించవచ్చు కూడా. ప్రతి సిట్టింగ్ రశీదూ, ఆటో ఖర్చూ దాచండి. అన్నిటికన్నా ముందు ఆ చెయ్యి మీకు కావాలి.

మళ్లీ పడవ ఎక్కడం గురించి: ఎక్కండి. ఆర్థోపెడిక్ డాక్టరు రాతపూర్వకంగా ఫిట్ అని ఇచ్చాకే, మొదట్లో తాడు పని ఫ్రెండ్స్‌కి వదిలి చుక్కాని దగ్గర కూర్చుని. ఎవరో ఫోన్‌లో వీడియో తీసి కోర్టులో వేస్తారేమోనని టెన్షన్ పడకండి, ఏం చేయగలుగుతున్నారో, ఏం చేయలేకపోతున్నారో డాక్టరు కాగితంలో ఉన్నట్టే సాక్ష్యంలోనూ చెప్తే ఆ వీడియో మీకు నష్టం చేయదు. ఈ వారంలో చేయాల్సింది మాత్రం కేస్ షీట్ దరఖాస్తు, యజమానికి నోటీసు. ఈ రెండూ ఆపకండి.