అమ్మకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్: వేడి లేని అబ్లేషన్‌కు ఒప్పుకోవచ్చా?

మీ అమ్మగారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకుని దడ వచ్చే జబ్బు) ఉందని, దానికి డాక్టర్లు పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ (దడ పుట్టే చోటి కణాలను కరెంటు పల్స్‌లతో చంపే చికిత్స) చేద్దామన్నారని, కరెంటు పెడతారంటే భయంగా ఉందని రాశారు. మాది విజయవాడ పటమట. నిరుడు మా నాన్నగారికి ఇదే చేయించాం. అప్పుడు మా అమ్మ కూడా కరెంటు మాట వినగానే ఏడ్చేసింది.

ఛాతీ మీద షాక్ ఇవ్వరండీ. మత్తిచ్చి, గజ్జల దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపుతారు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు (గుండె ఎడమ పై గదికి) వచ్చే సిరల మొదట్లోనే ఈ దడ ఎక్కువగా పుడుతుందని ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు 1998లో చూపించారు. ఆ చోటు చుట్టూ కణాలను చంపేస్తే తప్పుడు సిగ్నల్ లోపలికి రాదు. పాత పద్ధతుల్లో వేడితో కాలుస్తారు, లేదా అతి చల్లదనంతో గడ్డకట్టిస్తారు. ఇందులో సెకనులో లక్షల వంతు ఉండే కరెంటు పల్స్‌లు కణాల పొరకు చిల్లులు పెడతాయి. ఆ దెబ్బకు గుండె కండరం తొందరగా లొంగుతుంది. వెనకే ఆనుకుని ఉన్న అన్నవాహిక చాలావరకు తట్టుకుంటుంది. వేడి పద్ధతిలో అరుదుగానైనా అన్నవాహికకు చిల్లు పడి ప్రాణం మీదికి వస్తుంది. మేము ఒప్పుకున్నది ముఖ్యంగా ఆ భయం తగ్గుతుందనే.

దడ తగ్గడంలో మాత్రం పెద్ద తేడా ఆశించకండి. ఈ పద్ధతిని పాత పద్ధతులతో పోల్చి చూసిన, 2023లో వచ్చిన అడ్వెంట్ ట్రయల్ అనే పరిశోధనలో ఏడాదికి దీనితో 73 శాతం మందికి, పాత పద్ధతులతో 71 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది. ఖర్చు కూడా ఎక్కువే. ఇన్సూరెన్స్ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

ఈ పల్స్‌లకు కొన్ని ఎర్ర రక్తకణాలు పగులుతాయి. ఆ భారం కిడ్నీల మీద పడొచ్చు. నాన్నగారికి మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడ్డాం. సెలైన్ పెట్టాక తగ్గింది. అమ్మగారికి షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎక్కువ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

మూడో వారంలో రైతుబజారులో ఉండగా నాన్నగారికి మళ్ళీ దడ వచ్చింది. అంతా వృథా అయిందనుకుని రాత్రంతా ఎవరం నిద్రపోలేదు. మొదటి రెండు మూడు నెలల్లో ఇలా వస్తే ఫెయిలైనట్టు కాదని డాక్టరు గారు చెప్పేదాకా టెన్షనే. తర్వాత మళ్ళీ రాలేదు.

దడ లేదు కదా అని ఆయన రక్తం పలచబడే మాత్ర మానేయబోయారు. నేను గట్టిగా పోట్లాడాను. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు అది తప్పదు. ఆ తర్వాత ఆపాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగర్, పక్షవాతం వచ్చే ముప్పు చూసి డాక్టరే తేలుస్తారు. నాన్నగారికి ఇంకా ఆపలేదు. రాత్రి భోజనం కాగానే ఆ మాత్ర నేనే చేతిలో పెడుతున్నాను.