ఝనక్ ఝనక్ పాయల్ బాజే: కథక్ నేర్చుకునే పిల్లకి చూపించొచ్చా?

పన్నెండేళ్ళ మీ అమ్మాయి కథక్ క్లాసుకి వెళ్తోందనీ, వాళ్ళ టీచరు 'ఝనక్ ఝనక్ పాయల్ బాజే' చూడమన్నారనీ, 1955 నాటి సినిమా ఈ కాలం పిల్లలకి ఎక్కుతుందా అనీ అడిగారు. చూపించండి. కాకపోతే కథ కోసం కాదు, కాళ్ళ కోసం.

నేను కథక్ మనిషిని కాను. గుడివాడలో ఎనిమిదేళ్ళు కూచిపూడి నేర్చుకుని, పదో తరగతిలో మానేసిన బాపతు. ఈ సినిమా మొదటిసారి చూసింది 1986లో, ఒక ఆదివారం సాయంత్రం, పెదనాన్నగారింట్లో, బ్లాక్ అండ్ వైట్ టీవీలో. మన దేశంలో టెక్నికలర్‌లో తీసిన తొలి సినిమాల్లో ఇదొకటి. రంగుల కోసమే జనం చూసిన సినిమా. దాన్ని మేము పదిహేను మందిమి చాపల మీద కూర్చుని బూడిద రంగులో చూశాం. పైగా హిందీ ఎవరికీ రాదు. హిందీ ప్రచార సభ పరీక్ష ఒకటి పాసైన మా అక్కే దుబాసీ. నాయనమ్మ "ఏమంటున్నాడే ఆ ముసలాయన?" అనడం, అక్క తోచింది చెప్పడం. గురువుగారు కొడుకుని నాట్యం నిర్లక్ష్యం చేస్తున్నావని తిడుతుంటే, అక్క "కట్నం గురించమ్మా" అని చెప్పింది. నాయనమ్మ చాలాసేపు ఆ లెక్కలోనే చూసింది పాపం.

కథ చిన్నదే. మంగళ్ మహరాజ్ అనే పెద్ద గురువు, ఆయన కొడుకు గిరిధర్. డబ్బున్న ఇంటి పిల్ల నీల నాట్యం చేస్తుంటే గురువు చూసి వెక్కిరిస్తాడు, అసలు నాట్యమంటే ఏమిటో కొడుకు చేత చూపిస్తాడు. ఆ పిల్ల పొగరు దిగి శిష్యురాలవుతుంది. ఆమెకీ గిరిధర్‌కీ ప్రేమ కుదురుతుంది, తండ్రి మండిపడతాడు. ప్రేమలో పడితే సాధన పోతుందని ఆయన బాధ.

సరిగ్గా అక్కడే నా కళ్ళు తెరకి అతుక్కుపోయాయి, నాయనమ్మకి నిద్ర పట్టింది.

గిరిధర్‌గా వేసింది గోపీకృష్ణ. నటుడికి నాట్యం నేర్పించి నిలబెట్టడం కాదు, నర్తకుడినే హీరోని చేశారు దర్శకుడు శాంతారామ్. అప్పటికి గోపీకృష్ణకి ఇరవై ఏళ్ళ లోపో, అటూ ఇటూగానో వయసు. కథక్‌లో బెనారస్ సంప్రదాయంలో పేరున్న సుఖదేవ్ మహరాజ్‌కి మనవడు, ప్రసిద్ధ కథక్ నర్తకి సితారాదేవికి అక్క కొడుకు. మాటలు చెప్పేటప్పుడు కాస్త బిగుసుకుని ఉంటాడు, కాలు కదిపితే మాత్రం వేరే మనిషి. తర్వాతి రోజుల్లో ఏకబిగిన తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు ఆడారని చెబుతారు. ఈ సినిమా చూశాక అది నమ్మడం కష్టం కాదు. మన సాగరసంగమం నృత్య దర్శకుల్లోనూ ఈయన పేరు కనిపిస్తుంది.

మాకు కూచిపూడిలో అడుగంటే అరమండి. మోకాళ్ళు పక్కకి విచ్చి, నడుం నిలబెట్టి, తొడలు మండిపోతుంటే "ఇంకా దిగు, ఇంకా దిగు" అని వెనకనుంచి కర్ర చప్పుడు. గోపీకృష్ణ నిటారుగా నిలబడి ఉన్నాడు. మోకాలు వంగదు, పాదం మాత్రం నేలని కొడుతూనే ఉంటుంది. ఒంటి మీద తొణుకు లేదు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళ నడక గుర్తొచ్చింది నాకు. ఆ రాత్రి ఇంటికొచ్చి పెరట్లో గచ్చు మీద నిటారుగా నిలబడి తాటించి చూశాను. మడమ వాచింది. మర్నాడు క్లాసులో విషయం తెలిసి మా మాస్టారు కోప్పడలేదు, నవ్వి, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, ఉన్నది ఒక జతే" అన్నారు.

మీ అమ్మాయికి తత్కార్, అంటే పాదాలతో తాళం కొట్టడం, నేర్పుతూనే ఉంటారు కదా, పదహారు మాత్రల తీన్‌తాల్ అనే తాళంలో. ఆ నాట్యాలు వచ్చినప్పుడు ఆమెనే లెక్క వేయమనండి. గిరగిరా చక్కర్లు తిరిగి తిరిగి సరిగ్గా సమ్ మీద, అంటే తాళం మొదటి మాత్ర మీద, ఆగినప్పుడు, మూడుసార్లు వచ్చే తిహాయి అనే ముక్తాయింపు మూడోసారి పడినప్పుడు, చెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది. తబలా వాయించినవారిలో పండిత్ సామతా ప్రసాద్ ఉన్నారు, అందుకే కాళ్ళూ తబలా ఒకదాన్నొకటి కవ్విస్తున్నట్టుంటాయి. సంగీతం వసంత్ దేశాయ్. టైటిల్ పాట పాడింది ఉస్తాద్ అమీర్ ఖాన్, అడాణా రాగంలో. ఒక సన్నివేశానికి నేపథ్య సంగీతంలో సంతూర్ అనే తంత్రీ వాద్యం వినిపిస్తుంది, అది అప్పటికి కుర్రవాడైన శివకుమార్ శర్మది. మీ పాపకి పేర్లు చెప్పి విసిగించకండి, చెవికి అందితే చాలు.

ప్రేమకథ సంగతికొస్తే, మాటల్లో చెప్పినంతసేపు నాటకంలాగే ఉంటుంది. నీలగా వేసిన సంధ్య కళ్ళు మరీ పెద్దవి చేసి చూస్తారు. మీ అమ్మాయి నవ్వుతుంది, నవ్వనివ్వండి. కానీ ఆమె ఈ సినిమా కోసమే గోపీకృష్ణ దగ్గర నాట్యం నేర్చుకున్నారు. అది తెలిశాక నాకు నవ్వు తగ్గింది. పుట్టుకతోనే నాట్యం అబ్బినవాడి పక్కన, కొత్తగా నేర్చుకున్న మనిషి వెనకపడకుండా నిలబడటం చిన్న పని కాదు. జంటగా ఆడినప్పుడు ఆమె అతని కాలిని కాదు, ముఖాన్ని చూస్తూ ఆడతారు. ప్రేమ కనిపించేది అక్కడే. లతా, హేమంత్ కుమార్ పాడిన 'నైన్ సో నైన్' పాట కూడా ఉంది, అది ఎలాగూ ఎవరికైనా నచ్చుతుంది.

నాకు మింగుడుపడనిది వేరే. అతని సాధన చెడకూడదని నీలే తప్పుకుంటుంది. ప్రేమ లేనట్టు నటించి, చివరికి సన్యాసినిలా మీరా భజన పాడుకుంటూ తిరుగుతుంది. గురువు నాట్యం మానొద్దని కొడుక్కే చెబుతాడు గానీ, ఆ పిల్ల నాట్యం ఏమైపోతుందని ఎవరూ అడగరు. చివర్లో ఇద్దరూ కలిసి ఆడతారు లెండి, ఆ శివపార్వతుల నాట్యం కోసం మిగతాదంతా భరించొచ్చు. నేను పదో తరగతిలో మానేసినప్పుడు మా ఇంట్లో అన్నది ఒక్కటే మాట: "రేపు పెళ్ళయ్యాక ఎలాగూ ఆడవు కదా." సినిమా రెండోసారి చూసినప్పుడు నీల మీద వచ్చిన కోపం, బహుశా నా మీదే.

రెండోసారి చూసింది పెళ్ళయ్యాకే, హైదరాబాద్‌లో, కంప్యూటర్ మీద, రంగుల్లో. మొదటి అరగంట కళ్ళు చిట్లించుకునే చూశాను. ఎరుపంటే పచ్చిమిరపకాయ బజ్జీల బండి మీది బల్బు ఎరుపు, పసుపంటే పెళ్ళి పందిరి పసుపు. సెట్లు వేసింది చిత్రకారుడు కనూ దేశాయ్, ఆయనకి దానికి ఫిల్మ్‌ఫేర్ కూడా వచ్చింది. నా మనసులో మాత్రం ఆ సినిమా ఇంకా బూడిద రంగే. రంగు లేనప్పుడు చూపంతా పాదాల మీదే నిలిచింది మరి. కావాలంటే మీరూ ఒక నాట్యాన్ని టీవీలో కలర్ పూర్తిగా తగ్గించి చూపించండి, పిల్ల ఏం గమనిస్తుందో.

ఒకే రోజు రెండు గంటలకి పైగా కూర్చోబెట్టకండి. నాట్యాలు ముందు, కథ తర్వాత. ఇంకో మాట, ఫోన్‌లో మాత్రం వద్దు. పెద్ద స్పీకరుంటే పెట్టండి. ఫోన్‌లో వింటే గజ్జెల చప్పుడు తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టే ఉంటుంది.