కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: పని లేకున్నా కరెంటు కాల్చే ప్రాసెసర్

ప్రశ్న: మాకు జీడిపిక్కల గోదాం ఉంది. నాలుగు కెమెరాల రికార్డింగు, బిల్లింగు ఒకే కంప్యూటర్లో నడుస్తాయి. రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంచాలి. కొత్తది కొనబోతున్నాం. 65 వాట్ల ప్రాసెసర్ తీసుకుంటే కరెంటు కలిసొస్తుందని షాపులో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: డబ్బా మీద ఉన్న 65 వాట్లకూ, ఖాళీగా ఉన్నప్పుడు కాలే కరెంటుకూ సంబంధం లేదు. నిలకడగా పని చేస్తున్నప్పుడు కూలర్ ఎంత వేడిని లాగెయ్యాలో చెప్పే అంకె అది. దానికీ కట్టుబడి ఉండదు: ఇంటెల్ కోర్ ఐ5 12400 డబ్బా మీద 65 అని ఉంటుంది, టర్బోలో (కాసేపు వేగం పెంచుకున్నప్పుడు) 117 వరకూ వెళ్తుంది. ఐడిల్ వాట్లు, అంటే ఖాళీగా ఉన్నప్పుడు కాలేవి, మాత్రం ఏ డబ్బా మీదా అచ్చు వెయ్యరు.

వాటిని తేల్చేది లోపలి కట్టుబడి. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5 5600, 7600 లాంటివి ఒకే ముక్క కాదు. కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఒక సిలికాన్ ముక్కలో, మెమరీనీ పీసీఐ లైన్లనూ (కార్డులు, డిస్కులు తగిలే దారులు) చూసుకునే భాగం వేరే ముక్కలో ఉంటాయి. కోర్లు నిద్రపోయినా ఆ రెండో ముక్క, రెండిటినీ కలిపే లంకె మేలుకునే ఉంటాయి. అందుకే ఏ పనీ లేకుండానే చిప్పు ఒక్కటే సుమారు 15 నుంచి 25 వాట్లు తింటుంది. అదే కంపెనీ 5600జీ అంతా ఒకే ముక్క. సాకెట్ (బోర్డు మీద చిప్పు కూర్చునే గూడు) అదే ఏఎం4, డబ్బా మీద 65 కూడా అదే, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం బాగా తక్కువ. కొత్త సాకెట్ ఏఎం5లో అయితే 8500జీ, 8600జీ చూడండి. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు ఒకే ముక్క కాబట్టి వాటిలో ఈ బాధ లేదు.

మీ పనికి కోర్ ఐ3 12100 సరిపోతుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉన్నది వద్దు. ధర కొంత తగ్గుతుంది గానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు. బొమ్మ కోసం విడిగా కార్డు పెడితే అది ఊరికే కూర్చుని కూడా కొన్ని వాట్లు కాలుస్తుంది. మదర్‌బోర్డు హెచ్610 రకం చాలు. ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ సెట్టు మొత్తం ప్లగ్గు దగ్గర ఐడిల్‌లో సుమారు 15–25 వాట్లలో ఉంటుంది. రికార్డింగుకు పెట్టే పెద్ద హార్డ్ డిస్క్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంకో 4–6 వాట్లు కలుపుకోండి.

రికార్డింగు ఉన్నంతసేపూ మీ కంప్యూటర్ నిజంగా ఖాళీగా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. కెమెరా పంపిన వీడియోను ఉన్నదున్నట్టు డిస్కులో రాయిస్తే ప్రాసెసర్‌కు దాదాపు పని ఉండదు. సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేసినా (వేరే రూపంలోకి కుదించినా), కదలికలను కంప్యూటరే వెతికినా నిద్ర దక్కదు. కదలిక పట్టే పని కెమెరాకే వదిలెయ్యండి. రాత్రి తెర మీద నాలుగు బొమ్మల కిటికీ మూసెయ్యండి.

ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 650 వాట్ల దాని మీద 20 వాట్ల లోడంటే 3 శాతం. అక్కడ దాని సామర్థ్యం దారుణంగా పడిపోతుంది. దాని సామర్థ్యానికి ఇచ్చే బ్రాంజ్, గోల్డ్ స్టిక్కర్లకు పరీక్ష 20, 50, 100 శాతం లోడ్ల దగ్గరే కాబట్టి మీ 3 శాతం గురించి అవేమీ చెప్పవు. 300–400 వాట్లలో నాణ్యమైనది తీసుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? ఏడాదికి 8,760 గంటలు. ప్లగ్గు దగ్గర 40 వాట్లు తగ్గితే 350 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలనుకున్నా 2,100. మీ వైపు అంతకన్నా పెద్ద లాభం ఇన్వర్టర్ మీద. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు కదా! 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలో 1,800 వాట్-అవర్లుంటాయి, సగమే వాడుకుంటే బ్యాటరీ మన్నుతుంది. ఇన్వర్టర్ తన ఖర్చుకు 15 వాట్లు తీసుకుంటుందనుకుంటే, 60 వాట్ల కంప్యూటర్ 12 గంటలు, 20 వాట్లది 25 గంటలకు పైగా నడుస్తుంది.

ప్రశ్న: నా దగ్గర రైజెన్ 5 5600, గ్రాఫిక్స్ కార్డు, రెండు మానిటర్లు ఉన్నాయి. ఏమీ చెయ్యకపోయినా ప్లగ్ మీటర్ 75 వాట్లు చూపిస్తోంది. ప్రాసెసర్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు మీటర్‌లో వాట్లే చూస్తున్నారా, వీఏ (వోల్ట్-ఆంపియర్లు; ఇవి వాట్ల కన్నా ఎక్కువ చూపిస్తాయి) చూస్తున్నారా సరిచూసుకోండి. ఆన్ చేశాక పది నిమిషాలు ఆగి చూడండి. విండోస్ లేవగానే అప్‌డేట్లు వెతుకుతూ ఉంటుంది.

తర్వాత ఒక మానిటర్ తీగ పీకి చూడండి. ఒకటి 144, ఇంకొకటి 60 హెర్ట్జ్‌లో ఉంటే చాలా కార్డుల్లో మెమరీ వేగం కిందికి దిగదు. తీగ పీకగానే 10–20 వాట్లు పడితే దొంగ దొరికినట్టే. మొదటి దాన్ని 120కి తగ్గించి చూడండి.

అది కాకపోతే బయోస్‌లోకి (విండోస్ లేవకముందే తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లండి. చిప్పును నిద్రపోనిచ్చే ‘గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్’ను ఆటోలో వదలకుండా ఎనేబుల్ చెయ్యండి. పీసీఐ లైన్లను నిద్రపుచ్చే ‘ఏఎస్‌పీఎం’ కనిపిస్తే అదీ అంతే. మెమరీ వేగం పెంచడానికి పెట్టిన ఎక్స్‌ఎంపీ కూడా కొన్ని వాట్లు తింటుంది. గేమ్స్ ఆడకపోతే తీసేసి కొలవండి. విండోస్‌లో పవర్ ప్లాన్ ‘బ్యాలెన్స్‌డ్’లో ఉంచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్‌ను గరిష్ఠ పొదుపుకు మార్చండి. ఒక్కో మార్పుకూ ఒకసారి మీటర్ చూసి రాసుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ దగ్గర జాగ్రత్త. దాన్ని ‘లో కరెంట్’లో పెడితే, ఎస్‌ఎమ్‌పీఎస్ పాతదైన చోట కంప్యూటర్ పని మధ్యలో బాగుండి, ఊరికే వదిలేసినప్పుడే బిగుసుకుపోవచ్చు. లోడ్ మరీ తక్కువైతే ఆ ఎస్‌ఎమ్‌పీఎస్ 12 వోల్టులను నిలబెట్టుకోలేదు. 2013లో ఇంటెల్ నాలుగో తరం వచ్చినప్పుడూ ఇదే గొడవ: చిప్పు నిద్రలో 0.05 ఆంపియర్లకు దిగితే, పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు కనీసం 0.5 కావాల్సి వచ్చేది. మీ కంప్యూటర్ అలా బిగుసుకుపోతే ఆ సెట్టింగును ‘టిపికల్’కు మార్చండి.

ప్రశ్న: పేరు చివర ‘టీ’ ఉన్న 35 వాట్ల ఇంటెల్ ప్రాసెసర్ వెతుకుతున్నాను. ఐడిల్‌లో తక్కువ కాలుస్తుందా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: లేదు. సిలికాన్ అదే, పై హద్దు మాత్రం 35కు కట్టేశారు. ఖాళీగా ఉన్నప్పుడు మామూలు దానికీ దీనికీ తేడా ఉండదు. గాలి ఆడని చిన్న క్యాబినెట్ అయితే వేడి తగ్గుతుంది, అంతే. చాలా బోర్డుల బయోస్‌లో పీఎల్1, పీఎల్2 (వాట్ల హద్దులు) తగ్గించుకుంటే మామూలు చిప్పే టీ అవుతుంది. ఆ డబ్బుతో ప్లగ్ మీటర్ కొనండి.

మీకు అసలు కావలసింది, చిప్పు మొత్తం ఎంత లోతుగా నిద్రపోవచ్చో చెప్పే బయోస్ సెట్టింగు ‘ప్యాకేజ్ సీ స్టేట్ లిమిట్’. చాలా బోర్డుల్లో ఆటో అంటే సగం నిద్రే. లోతైన నిద్ర స్థాయిలైన సీ8 గానీ సీ10 గానీ ఎంచుకోండి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో అయితే పవర్‌టాప్ అనే ప్రోగ్రాములు, చిప్పు ఏ స్థాయిలో ఎంతసేపు ఉందో శాతాల్లో చూపిస్తాయి. లోతైన స్థాయిలన్నీ సున్నా దగ్గరే ఉంటే ఏదో ఒక పరికరం నిద్ర పట్టనివ్వడం లేదన్నమాట. ఎక్కువగా అది విడిగా గుచ్చిన సాటా కార్డో (అదనపు డిస్కులు తగిలించేది), నెట్‌వర్క్ కార్డో అవుతుంది. ఒక్కొక్కటే తీసి చూడండి.

ప్రశ్న: ఆరు కోర్లలో నాలుగు బయోస్‌లో ఆపేస్తే కరెంటు తగ్గుతుందా?
– ఒక విద్యార్థి, నరసన్నపేట

జవాబు: తగ్గదు. పని లేని కోరుకు చిప్పు తనంతట తానే కరెంటు కత్తిరిస్తుంది. పైగా మిగిలిన రెండింటి మీదే భారం పడి, పని ఆలస్యంగా ముగిసి, అవి నిద్రకు వెళ్లేదే ఆలస్యమవుతుంది.