బీచ్‌లో ఫోటోషూట్‌కి రూ.21,000: ఈఎంఐ పెట్టి తీయించుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. నా జీతం, మావారి జీతం కలిపి నెలకు 60,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 16,500, చీటీ 5,000 కడతాం. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, పెట్రోలు కలిపి 34,000 దాకా అవుతాయి. బ్యాంకులో 40,000 ఉన్నాయి. అవి కాక, సంక్రాంతి సెలవుల్లో మా అమ్మానాన్నలని, పిల్లల్ని తీసుకుని మూడు రోజులు వైజాగ్ వెళ్లాలని 45,000 విడిగా దాచుకున్నాం. నాన్నకు పోయినేడాది స్టెంట్ వేశారు. మేమందరం కలిసి దిగిన మంచి ఫోటో ఒక్కటీ లేదు. బీచ్‌లో ఫోటోషూట్ చేయించుకుందామని అక్కడి ఫోటోగ్రాఫర్ ఒకరిని అడిగితే 24,000 చెప్పారు. మూడు రోజుల్లో సగం అడ్వాన్స్ కడితే 21,000కే చేస్తారట. క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకుందామని మావారు అంటున్నారు. ఫోన్లు ఉండగా ఈ దండగ ఖర్చేంటని మా అత్తగారు. ఏం చేయమంటారు? ఆయన పంపిన కొటేషన్ కూడా జత చేస్తున్నాను.

జవాబు: ఫోటోలు తీయించుకోండమ్మా. 21,000 పెట్టి మాత్రం వద్దు. ఈఎంఐ మీద అసలే వద్దు.

నాన్నగారి ఆరోగ్యం కుదుటపడ్డాక అందరూ కలిసి వెళ్తున్న మొదటి ప్రయాణం ఇది. అందరూ ఉన్న ఫోటో కావాలనుకోవడం దండగేమీ కాదు. ఫోన్‌తో తీస్తే తీసేవాళ్లు ఆ ఫోటోలో ఉండరు, ఎక్కువసార్లు అది ఇంటి ఇల్లాలే అవుతుంది. కాబట్టి ఈ కోరికని కొట్టేయమని నేను చెప్పను. మీ సంపాదనకు తగ్గట్టు దీన్ని ఎంతలో పెట్టుకోవాలన్నదే ఆలోచిద్దాం.

మీరు రాసిన లెక్క ప్రకారం అన్నీ పోగా నెలకు మిగిలేది 4,500. అంటే 21,000 మీకు దాదాపు ఐదు నెలల మిగులు. బ్యాంకులో ఉన్న 40,000 పెద్ద మొత్తంలా కనిపిస్తుంది కానీ ఈఎంఐ, ఇంటి ఖర్చులు కలిపితే మీకు నెలకు 50,500 కావాలి. ఒక్క నెల జీతాలు ఆగినా ఆ డబ్బు చాలదు. నాన్నగారికి అర్ధరాత్రి ఏదైనా ఇబ్బంది వస్తే ముందు తీయాల్సింది కూడా అందులోంచే. దాన్ని ఈ పనికి ముట్టుకోకండి.

ఇక కార్డు సంగతి. ఫోన్లు, ఫ్రిజ్‌లు కొన్నప్పుడు కనిపించే నో కాస్ట్ ఈఎంఐలో ఆ వడ్డీ భారాన్ని సాధారణంగా కంపెనీయో అమ్మేవాళ్లో మోస్తారు. ఫోటోగ్రాఫర్‌కి కట్టే డబ్బుకి అలా మోసేవాళ్లు ఉండరు. మీరు కట్టిన మొత్తాన్ని తర్వాత బ్యాంకు ఈఎంఐగా మారుస్తుంది, మామూలు వడ్డీ పడుతుంది. 16 శాతం వడ్డీ, 299 ప్రాసెసింగ్ ఫీజు అనుకుని లెక్క వేశాను. 21,000కి నెలకు 1,905 చొప్పున ఏడాది కట్టాలి. వడ్డీ 1,865, ఆ వడ్డీ మీద, ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే అదనంగా పోయేది 2,550 పైమాటే. తొందరపడి కడితే వస్తుందన్న 3,000 తగ్గింపులో మీకు మిగిలేది 450 కూడా కాదు. పైగా ఏడాది పొడవునా మీ 4,500 మిగులులో నలభై శాతానికి పైగా దీనికే పోతుంది. మధ్యలో ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే ఆ మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం దాకా వేస్తాయి, అంటే ఏడాదికి 42 శాతం.

మీరు జత చేసిన కొటేషన్‌ని రెండుసార్లు చదివాను. రెండు గంటలు, రెండు చోట్లు, రెండు జతల బట్టలు, డ్రోన్ షాట్స్, ఒక నిమిషం రీల్, 30 ఎడిటెడ్ ఫోటోలు అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చిన్న అక్షరాల్లో నాలుగు ముక్కలున్నాయి: అదనపు ఫోటోకి 300, ట్యాక్స్ అదనం, అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు కానీ తేదీ మార్చుకోవచ్చు, ఫోటోలపై హక్కులు మావే. మీ డబ్బుకి సంబంధించిన అసలు సంగతి ఈ నాలుగింటిలోనే ఉంది.

ట్యాక్స్ అదనం అంటే 18 శాతం జీఎస్టీ. 21,000 మీద 3,780 పడుతుంది, మొత్తం 24,780. తగ్గించి చెప్పిన రేటే మొదట చెప్పినదాన్ని దాటిపోయింది చూడండి. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉన్న ఫోటోగ్రాఫర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను వసూలు చేసే అధికారమూ లేదు. జీఎస్టీ నంబర్ అడగండి. ఉంటే ఆ నంబరుతో బిల్లు తీసుకుని కట్టండి. లేకపోతే ఆ లైన్ తీసేయమనండి.

అడ్వాన్స్ తిరిగి ఇవ్వం కానీ తేదీ మారుస్తాం అన్న మాట వైజాగ్‌లో ఉండేవాళ్లకి పనికొస్తుంది. ఈ ఆదివారం కుదరకపోతే వచ్చే ఆదివారం వెళ్తారు. ఖమ్మం నుంచి మూడు రోజుల కోసం వెళ్లే మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పిల్లాడికి జ్వరం వచ్చినా, నాన్నగారిని డాక్టర్ ప్రయాణం వద్దన్నా 10,500 పోయినట్టే. అందుకే సగం అడ్వాన్స్ ఒప్పుకోకండి. నాలుగో వంతు ఇస్తామనండి, ఆరోగ్య కారణంతో వారం ముందు చెప్తే తిరిగివ్వాలని రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఆ నాలుగో వంతు వరకే నష్టం.

మూడు రోజుల గడువు కూడా మిమ్మల్ని తొందరపెట్టకూడదు. మీకింకా రైలు టికెట్లే లేవు కదా. ఇప్పుడు సెప్టెంబర్. రైళ్లలో ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజులకు తగ్గింది, కాబట్టి సంక్రాంతి సెలవుల టికెట్లు తెరుచుకునేది నవంబర్ రెండో వారం ప్రాంతంలో. హైదరాబాద్ వైపు నుంచి కోస్తాకి వెళ్లే బండ్లన్నీ ఆ రోజుల్లో ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా! గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అందరికీ బెర్తులు దొరక్కపోతే తత్కాల్‌కో, పండగ రేట్ల బస్సుకో వెళ్లాలి. ఆ తేడా మీ 45,000లోంచే పోవాలి. పోవడానికీ రావడానికీ టికెట్లు కన్ఫర్మ్ అయ్యాకే ఫోటోగ్రాఫర్‌కి మొదటి రూపాయి ఇవ్వండి. ఆలోగా ఆయనకి వేరే బుకింగ్ వస్తే రానివ్వండి, వైజాగ్‌లో ఫోటోగ్రాఫర్లకి కరువు లేదు.

ఇప్పుడు ఖర్చు ఎక్కడ తగ్గుతుందో చూద్దాం. విశాఖ తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. జనవరి మధ్యలో అక్కడ సూర్యోదయం ఉదయం ఆరున్నర ప్రాంతంలో. అప్పటి నుంచి ఏడున్నర దాకా వెలుతురు మెత్తగా ఉంటుంది, జనమూ తక్కువ. ఎనిమిది దాటితే ఎండ మొహాన కొడుతుంది, పిల్లలు కళ్లు చికిలిస్తారు. అంటే రెండో గంటకి మీరు కట్టేది ఎండలో ఫోటోలకి. పైగా రెండో చోటు రుషికొండ అనుకుంటే, ఆర్కే బీచ్ నుంచి అక్కడికి పది కిలోమీటర్ల పైనే ఉంది. పెద్దవాళ్లనీ పిల్లల్నీ కారెక్కించి, దింపి, చీరలు మార్చుకునేసరికి మీరు డబ్బు కట్టిన టైములో అరగంట, ముప్పావుగంట అక్కడే కరిగిపోతుంది. ఒకటే చోటు, ఒకటే జత బట్టలు, ఒక గంట చాలు. నాన్నగారిని దృష్టిలో పెట్టుకుంటే నేనైతే ఆర్కే బీచ్ వైపే మొగ్గుతాను. రోడ్డు పక్కనే ఇసుక, కూర్చోడానికి గట్టు, దగ్గర్లోనే హోటళ్లు. యారాడ బీచ్ చాలా బాగుంటుంది కానీ కొండెక్కి దిగాలి, తెల్లవారేసరికి అందరూ అక్కడుండాలంటే నాలుగింటికే లేవాలి. పెద్దాయన్ని అంత కష్టపెట్టొద్దు.

డ్రోన్ పూర్తిగా తీసేయించండి. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు. విమానాశ్రయం కూడా నేవీదే. ఇలాంటి చోట్లు మామూలుగా డ్రోన్లు ఎగరేయకూడని రెడ్ జోన్‌లోకి రావచ్చు, అక్కడ ఎగరేయాలంటే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. అనుమతి కాగితం చూపించకుండా డ్రోన్ షాట్స్ అని ప్యాకేజీలో పెట్టారంటే, ఆ రోజు పొద్దున ఏదో సాకు చెప్పి మానేయొచ్చు, లేదా మీ కుటుంబం అక్కడుండగానే పోలీసులు వచ్చి అడగొచ్చు. ఆ టెన్షన్‌కి మీరెందుకు డబ్బు కట్టాలి? రీల్ కూడా వద్దనండి, అది మీ ఫోన్‌లోనే చేసుకోవచ్చు.

ఇలా కోసుకుంటూ వస్తే మిగిలేది గంటసేపు, ఒకే చోట, 20 ఎడిటెడ్ ఫోటోలు. దీనికి వేరే రేటు అడగండి. మీ మొత్తం బడ్జెట్ 10,000. అందులో ఫోటోగ్రాఫర్‌కి 8,500, మిగతా 1,500 ఖమ్మంలో మంచి స్టూడియోలో ప్రింట్లకి, చిన్న ఆల్బమ్‌కి. ఈ 1,500ని మాత్రం తగ్గించొద్దు. ఫోన్ పాడైతే ఫోటోలూ పోతాయి, అమ్మానాన్నల చేతిలో ఉండేది ఆ ఆల్బమే. బేరం ఆడేటప్పుడు పని తగ్గించి ఆడండి, అదే పనికి సగం రేటు ఇస్తామని అడగకండి. తెల్లవారుజామున లేచి వచ్చి, తర్వాత గంటలకొద్దీ కూర్చుని ఎడిట్ చేసే మనిషి ఆయన. 8,500కి కుదరదంటే మర్యాదగా ఇంకొకరిని అడగండి.

హక్కుల ముక్క చాలామంది చదవకుండా వదిలేస్తారు. మన కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి మీరు అడిగి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు మీరే, వేరే ఒప్పందం లేకపోతే. ‘హక్కులు మావే’ అన్న ఆ ఒక్క లైనే ఆ వేరే ఒప్పందం. దానికి మీరు సరే అంటే మీ పిల్లల ఫోటోలు ఆయన ప్రకటనల్లో కనిపించినా అడగడం కష్టం. లైన్ తీయించండి. రెండు మూడు ఫోటోలు తన పేజీలో పెట్టుకుంటానని అడిగితే, పిల్లలు లేనివి ఇచ్చి అందుకు కొంత తగ్గించమనడం న్యాయమే.

వాట్సాప్‌లో ఇలా పంపితే సరిపోతుంది: “ఒక గంట, ఆర్కే బీచ్, ఉదయం 6:15కి మీరు అక్కడుండాలి. 20 ఎడిటెడ్ ఫోటోలు, పూర్తి సైజులో, 15 రోజుల్లో. మొత్తం 8,500, ట్యాక్స్‌తో కలిపి. అడ్వాన్స్ 2,000, ఆరోగ్య కారణంతో వారం ముందు చెప్తే వాపస్. షూట్ అయ్యాక 4,000, ఫోటోలు అందాక 2,500. ఫోటోల హక్కులు మావి.” ఆయన ‘ఓకే’ అని జవాబిచ్చాక ఆ చాట్ డిలీట్ చేయకండి, గొడవొస్తే అదే కాగితం. పని చేయకుండా డబ్బు ఉంచేసుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. యూపీఐలో పంపేటప్పుడు తెర మీద వచ్చే పేరు ఆయనదో, ఆయన స్టూడియోదో అయ్యుండాలి. డబ్బు వాపస్ ఇస్తామంటూ ఎవరైనా పిన్ కొట్టమంటే కొట్టొద్దు, మనకి డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఈ 10,000 ఎక్కడిదంటే, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా నాలుగు జీతాలున్నాయి. ఒక్కో జీతం పడగానే 2,500 పక్కన పెట్టండి, మిగిలిన 2,000 ఆ 40,000కి కలపండి. దీనికి ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, కుదరదు. పోస్టాఫీస్ ఆర్‌డీ ఐదేళ్లది, చాలా బ్యాంకుల్లోనూ ఆరు నెలలకి తక్కువ ఉండదు. మీరో మీవారో వాడకుండా వదిలేసిన సేవింగ్స్ ఖాతా ఒకటి ఉండే ఉంటుంది, జీతం పడిన మర్నాడు అందులోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. నవంబర్‌లో టికెట్లు తెరుచుకునేసరికి అందులో 5,000 ఉంటుంది, అడ్వాన్స్‌కి చాలు.

అత్తగారి విషయం ఒక్కమాట. ఆవిడ భయం అప్పు గురించైతే, అది సరైన భయమే, అప్పు లేకుండా చేస్తున్నామని ఈ లెక్క చూపించండి. ఆవిడ కూడా వైజాగ్ వస్తున్నారో లేదో మీరు రాయలేదు. రాకపోతే ఆవిడని కూడా అడిగి చూడండి. ఇంకో టికెట్, రూములో ఇంకో పరుపు మీ 45,000లో సర్దుకోవచ్చు. పుట్టింటివాళ్లతో మాత్రమే దిగే ఫోటోల మీద అత్తింట్లో వచ్చే మాట చాలాసార్లు డబ్బు గురించి కాదు.

తిరిగి వచ్చాక కూడా ఆ 2,500 అలాగే ఆ ఖాతాలోకి వెళ్లనివ్వండి, ఈసారి అత్యవసర నిధి కోసం. అది కనీసం లక్షన్నర అయ్యేదాకా కార్డు మీద కొత్త ఈఎంఐ ఏదీ పెట్టుకోవద్దని మీవారికి చెప్పండి. చీటీ ఎప్పుడు ముగుస్తుందో, పాట ఎంతకు నడుస్తోందో రాస్తే, ఆ డబ్బుతో ఏం చేయాలో ఇంకోసారి చూద్దాం.