ఆ సరస్సు నాకంటే పదేళ్లు పెద్దది

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీలో ఆగిపోయాను. “అనాదిగా కొండల ఒడిలో నిద్రపోతున్న సరస్సు” అని రాశావే, అక్కడ. కాగితాలు పక్కన పడేసి, కోపం తగ్గుతుందేమోనని పెరట్లోకి వెళ్లి మొక్కలకి నీళ్లు పోసి వచ్చాను. తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

అనాదిగా ఏంటమ్మా? ఆ సరస్సు నాకంటే పదేళ్లు పెద్దది, అంతే.

ఊరి పేరు నువ్వు రాయలేదు. “విక్లో కొండల కింద ఒక చిన్న ఐరిష్ పల్లె” అని వదిలేశావు. కానీ బ్లెసింగ్టన్ అనే ఊరు దాటాక కారు నీళ్ల ఒడ్డునే చుట్టుతిరిగి వెళ్లడం, ఆవుల దొడ్డికి కూడా రాతి స్తంభాలు ఉండటం చదవగానే పట్టేశాను. అది బల్లీనాకన్. 2018లో మా అమ్మాయి దగ్గరికి డబ్లిన్ వచ్చినప్పుడు అల్లుడు తీసుకెళ్లాడు. ఆ ఏడు అక్కడ ఎండలు ముదిరాయట. తోటలకి పైపుతో నీళ్లు పట్టకూడదని ఆంక్షలు పెట్టారు. ఇరవై ఎనిమిది డిగ్రీలకే జనం ఉసూరుమంటుంటే ఒంగోలు వాణ్ణి, నాకు నవ్వొచ్చింది. కానీ నీళ్లు బాగా కిందకి దిగి ఒడ్డంతా నెర్రెలిచ్చిన బురద తేలింది. అది చూశాక నవ్వు ఆగిపోయింది. అది సరస్సు ఒడ్డు కాదు. అది మునిగిన పొలం.

కరెంటు కోసం, డబ్లిన్ మంచినీళ్ల కోసం లిఫీ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, 1940 మార్చిలో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. లిఫీ లోయ, దాంట్లో కలిసే కింగ్స్ రివర్ లోయ రెండూ మునిగాయి. డెబ్బైకి పైగా ఇళ్లు పోయాయి. బర్గేజ్ అనే చోట పాత శ్మశానంలో ఉన్న రాతి శిలువని ఊడదీసి కొత్త శ్మశానంలో పెట్టారు. బల్లీనాకన్ గట్టు మీద ఉంది కాబట్టి మిగిలింది. నీ కథానాయిక ఆ నీళ్లకేసి చూస్తూ రెండు పేజీలు తన బ్రేకప్ గురించి ఏడుస్తుంది. ఏడవనీ, నేను కాదనను. కానీ ఆ నీళ్ల కింద జనం వంట చేసుకున్న పొయ్యిలున్నాయని ఆ పిల్లకి తెలియకపోయినా, రాసే నీకు తెలియాలా వద్దా?

నా పిచ్చి ఒకటుంది, చెప్తా విను. ఏ ఊరి కథైనా సరే, ఆ ఊరు ఏం పని చేసి కూడు తిన్నదో తెలియకుండా మొదటి వాక్యం రాయకూడదు. నీ కథలో పచ్చదనం పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. గొర్రెలు వచ్చాయి, పొగమంచు వచ్చింది, “అరకు గుర్తొచ్చింది” కూడా వచ్చింది. ఆ ఊళ్లో పని చేసేవాడు ఒక్కడు రాలేదు. 1820ల నుంచీ ఆ ఊరిది రాతి పని. డబ్లిన్‌లో నువ్వు రోజూ బస్సులో దాటిపోయే పెద్ద పెద్ద భవనాల్లో ఆ ఊరి రాయి ఉంది. ఐరిష్ భాషలో బాలే అంటే ఊరు, క్నోకాన్ అంటే చిన్న గుట్ట. మన లెక్కలో గుట్టపల్లె. ఆ గుట్టని కోసి కోసి రాజధానికి పంపారు.

నువ్వు “గోడ గరుగ్గా ఉంది” అని రాసి పక్కకి వెళ్లిపోయావు. నేను ఆ గోడల దగ్గర అరగంట నిలబడ్డాను. మా అల్లుడికి టెన్షన్, ఇంటివాళ్లు ఏమనుకుంటారోనని. ఒక రాయి అంచున వేలు పట్టేంత గాడులు వరసగా ఉన్నాయి, సగానికి కోసిన గొట్టాల్లాగా. వేలు పెట్టి చూశాను. అవేంటో నాకు తెలుసు. రాయిని చీల్చాలంటే ముందు వరసగా బెజ్జాలు వేస్తారు. ఒక్కో బెజ్జంలో రెండు ఇనప బద్దలు, వాటి మధ్య ఒక మేకు. సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కో మేకు మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ వెళ్తారు. ఆశపడి ఒకేదాన్ని గట్టిగా బాదితే రాయి ఇష్టమొచ్చినట్టు పగులుతుంది. మూడో విడతకో నాలుగో విడతకో చప్పుడు మారుతుంది. అప్పుడు పనివాడు చెయ్యి ఆపి నిలబడతాడు. రాయి తనంతట తానే విడిపోతుంది. విడిపోయిన అంచున సగం సగం బెజ్జాలు మిగులుతాయి. అవే ఆ గాడులు.

ఇదంతా నాకెలా తెలుసంటే, 1989లో చీమకుర్తి దగ్గర ఒక క్వారీలో లెక్కలు రాసేవాణ్ణి. పగలు రాళ్ల కొలతలు, రాత్రి అవే కాగితాల వెనక కథలు. మా గెలాక్సీ నల్లరాయి, ఒళ్లంతా బంగారు చుక్కలు. లోకమంతా దాన్ని గ్రానైట్ అనే కొంటుంది గానీ, భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు గ్యాబ్రో అనే వేరే జాతి అంటారు. విక్లోది అసలు సిసలు గ్రానైట్. లేత బూడిదరంగు, ఎండ పడితే అభ్రకం తళుక్కుమంటుంది. వయసు నలభై కోట్ల ఏళ్లు. అనాది అన్న మాట మీద నీకంత మోజుంటే దానికి వాడుకో.

అప్పట్లో ఆ క్వారీ మీదే ఒక కథ రాసి వారపత్రికకి పంపాను. రాయి చీలే దృశ్యం రెండు పేజీలు. చప్పుడు మారడం దగ్గరే కథంతా ఉంది. అచ్చులో చూస్తే ఆ రెండు పేజీలూ లేవు. మేస్త్రీ కూతురి ప్రేమ ఒక్కటే మిగిలింది, బొమ్మలో ఆ పిల్ల చంకన బిందె. వెళ్లి అడిగితే సంపాదకుడుగారు, “పాఠకులకి రాళ్లెందుకండీ” అన్నారు. పారితోషికం ఇప్పటికీ రాలేదు. ఆయన పోయారు, ఆ పత్రికా పోయింది, ఆ మాట మాత్రం కొత్త కొత్త నోళ్లలో తిరుగుతూనే ఉంది. ఇప్పుడు మీ విదేశీ తెలుగు కథలదీ అదే వరస. ఎయిర్‌పోర్టులో కన్నీళ్లు, మంచులో ఒంటరితనం, వీడియో కాల్‌లో సంక్రాంతి. ఏ దేశమైనా ఒకటే కథ, చలికోటు రంగు మాత్రం మారుతుంది. ఐర్లండ్‌లో ఉండి ఐర్లండ్‌ని చూడకుండా రాయడం ఎంత కష్టమో, దాన్ని ఇంత సులువుగా ఎలా చేస్తున్నారో!

సరే, రెండోసారి ఎందుకు చదివానో చెప్పాలి. ఆరో పేజీలో టీ ఇచ్చే ముసలావిడ, లేచి లోపలికి వెళ్తూ గోడని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి ఒక్క క్షణం ఆగుతుంది. “అలవాటు కాబోలు” అని రాసి నువ్వు ముందుకెళ్లిపోయావు. కథంతటికీ అదొక్కటే నాకు నచ్చిన వాక్యం. నచ్చడం కాదు, ఒళ్లు జలదరించింది. మా క్వారీలో పాత మేస్త్రీ ఏ రాయి ముందు నిలబడినా అలాగే తట్టి వినేవాడు. గట్టి రాయి కంచులా మోగుతుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. చివరి రోజుల్లో రాతి దుమ్ము ఊపిరితిత్తులకి పట్టి మంచాన పడ్డప్పుడు, ఆయన మంచం పక్కనున్న గోడని అలాగే తడుతూ ఉండేవాడు. వాళ్లావిడ “ఊరుకో, నిద్రపో” అనేది.

మీ ముసలావిడ ఎవరి కూతురు? వాళ్ల నాన్న రాయి కొట్టాడా? ఆవిడ పుట్టిన ఇల్లు గట్టు మీదుందా, నీళ్ల కిందుందా? ఇవి ఆలోచించావంటే నీ బ్రేకప్ పిల్ల కథలోంచి తనే లేచి బయటికి వెళ్లిపోతుంది, నువ్వు తరమక్కర్లేదు.

నువ్వు అయిదు ప్రశ్నలు అడిగావు. పోటీకి పంపాలా అన్నది గుర్తుంది, పంపొద్దు. ఉత్తమ పురుషలో రాయాలా వద్దా అన్నది నీ ఇష్టం. మిగతావి రాసిన కాగితం ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు.

ముందు ఒక ఆదివారం మళ్లీ ఆ ఊరు వెళ్లు. కెమెరా తీసుకెళ్లకు. ఆ గాడుల్లో వేలు పెట్టి చూడు. ఆ ముసలావిడ నిజంగానే ఉంటే కూర్చుని, గోడ ఎందుకు తట్టిందో అడుగు. నువ్వు కల్పించిందైతే మాత్రం నాకు చెప్పకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
ఒంగోలు