జాబ్ మానేసి, లోన్ తీసి డీజే సెట్ కొనాలా?

ప్రశ్న: హన్మకొండలో మొబైల్ షోరూంలో చేస్తున్నా, వయసు 24, జీతం 22 వేలు, సేవింగ్స్ 1.2 లక్షలు. జాబ్ మానేసి 5 లక్షల పర్సనల్ లోన్‌తో సౌండ్ సెట్ కొని డీజే అవుదామనుకుంటున్నా. కరెక్టేనా సార్?

జవాబు: డీజే అవ్వండి బ్రదర్, ఆ లోన్ మాత్రం వద్దు. బేస్ బాక్సులు, లైట్లు, బండి అంటే అది సౌండ్ కిరాయికిచ్చే బిజినెస్, అందులో పెట్టుబడి ఓనర్‌ది, పాటలు మిక్స్ చేసేది ఆపరేటరు, చాలాచోట్ల ఇద్దరూ వేరే వేరే.

5 లక్షలకి 14 శాతం వడ్డీ, 3 ఏళ్లు వేసుకున్నా నెలకి 17 వేలు దాటుద్ది ఈఎంఐ. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పుష్యంలో ఉండవు, మూఢం వస్తే మొత్తానికే బంద్, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఠంచనుగా కట్ అవుద్ది. బోనాలు, నిమజ్జనం ఉన్నాయిగా అంటారేమో, హైదరాబాద్‌లో 2024 అక్టోబర్ నుంచి మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు పోలీసులు బ్యాన్ చేశారు, రాత్రి 10 తర్వాత మైకులు ఆపాలన్న రూల్ ఎలాగూ ఉంది, మీ సెట్ ఒక్కసారి స్టేషన్‌కి పోతే ఆ నెల కిస్తీ ఎవరు కడతారు?

ల్యాప్‌టాప్ ఉంటే చిన్న కంట్రోలర్ (దానికి తగిలించి పాటలు మిక్స్ చేసే మెషీన్), మంచి హెడ్‌ఫోన్స్ సేవింగ్స్‌లోంచే కొనుక్కోండి, మిగతాది ముట్టుకోవద్దు. పెళ్లిళ్ల సీజన్లో షోరూం అయ్యాక సీనియర్ ఆపరేటర్ పక్కన నిలబడండి, మొదట్లో భోజనం, పెట్రోల్ ఖర్చు తప్ప ఏం రాకపోవచ్చు, పర్లేదు. బారాత్‌లో తీన్మార్ మాంచి ఊపులో ఉన్నప్పుడే పెళ్లికొడుకు బాబాయి వచ్చి పాత పాట పెట్టమంటాడు, అప్పుడు ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని బీట్ కలిపి, ఒక్క కాలు కూడా ఆగకుండా ఆ పాటలోకి తీసుకెళ్లాలి, అది వస్తే ఓనర్లే ఫోన్ చేస్తారు.

డీజే డబ్బులకి వేరే అకౌంట్ పెట్టండి. సగం అడ్వాన్స్ డేట్ బుక్ చేసినప్పుడే, మిగతాది బారాత్ కదలకముందే తీసుకోండి, అప్పగింతలయ్యాక ఫోనెత్తేవాళ్లు తక్కువ (ఇది మాత్రం రాసిపెట్టుకోండి). ఈవెంట్ కంపెనీ టీడీఎస్ (పేమెంట్‌లోంచి ముందే పట్టుకునే పన్ను) కట్ చేస్తే, మీ మొత్తం ఆదాయానికి అంత పన్ను పడకపోతే ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్న్) ఫైల్ చేసి రిఫండ్ తెచ్చుకోవచ్చు. ఖాళీ నెలలతో కలిపి ఏడాదంతా లెక్కేస్తే నెలకి సగటున 22 వేలు దాటి, ఆరు నెలల ఖర్చు పక్కన ఉంటే అప్పుడు జాబ్ మానెయ్యండి, పీఎఫ్ ఉంటే అది తియ్యొద్దు.

లోన్ ఆల్రెడీ అప్లై చేసుంటే, డబ్బు అకౌంట్లో పడకముందే వద్దని చెప్పెయ్యండి.