ఎఫ్150 దగ్గర ఆగిపోయాను

విజయనగరం,
ఆదివారం రాత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మొదలుపెడితే మా ఆవిడ లైటు ఆర్పేసింది. నీ హీరో అమ్మ వాడి యూనిఫాం ఉతుకుతూ, జేబులో దొరికిన ఉంగరాలు తిరిగిన ఇనప చిప్పుని, అదే కోతలో రాలే తునకని, పారెయ్యకుండా దేవుడి గూట్లో పెట్టింది చూడు, ఆ వాక్యం నాకెందుకు తట్టలేదా అని కుళ్ళుకున్నాను. మెచ్చుకోలు ఇంతే. ఇక తిట్లు.

ఐదో పేజీలో నీ హీరో నైట్ షిఫ్టులో సి.ఎన్.సి. దగ్గర, అదే అంకెలు కొడితే తనే నడిచే మెషీను దగ్గర, ఒక్కడే ఉన్నాడు. స్టీలు ప్లేటు బిగించాడు, కన్నంలో మరచుట్లు కోసే ట్యాప్, పది మిల్లీమీటర్ల ఎం10ది, పెట్టాడు, ఎస్300 ఎఫ్150 అని, అంటే నిమిషానికి 300 చుట్లు స్పీడ్, 150 మిల్లీమీటర్లు దిగే ఫీడ్ అని కొట్టి స్టార్ట్ నొక్కాడు. ట్యాప్ వెన్నపూసలో వేలు దిగినట్టు దిగిపోయింది. వాడికి నాన్న గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఆ ఎఫ్150 దగ్గరే ఆగిపోయాను. నాన్న గుర్తొచ్చే లోపలే ఆ ట్యాప్ పుటుక్కుమనేది నాయనా!

ఆ 150 నీకెక్కడ దొరికిందో కూడా చెప్పగలను. ట్యాప్ కంటే ముందు 8.5 డ్రిల్‌తో కన్నం వేస్తారు. ఆ డ్రిల్‌కి నిమిషానికి 750 చుట్లు, చుట్టుకి 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే 150 వస్తుంది. ఎవరిదో డ్రిల్లింగు ప్రోగ్రాం చూసి అంకె ఎత్తి ట్యాప్‌కి తగిలించావు. డ్రిల్‌కి ఫీడ్ మన ఇష్టం. నెమ్మదిగా దింపితే పని ఆలస్యమవుతుంది, అంతే. ట్యాప్ దగ్గర మన ఇష్టం చెల్లదు. దాని ఒంటి మీద మరచుట్లు ముందే చెక్కి ఉన్నాయి కదా. ఎం10 మామూలు ట్యాప్ పిచ్, అంటే ఒక మరచుట్టుకీ పక్క చుట్టుకీ ఎడం, 1.5. ఒక చుట్టు తిరిగిందంటే 1.5 మిల్లీమీటర్లు లోపలికి పోవాల్సిందే. ఎడ్లబండి చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎంత పోవాలో అంతే పోతుంది, ఇదీ అంతే. నిమిషానికి 300 చుట్లయితే 300 ఇంటూ 1.5, అంటే 450. నువ్విచ్చింది అందులో మూడో వంతు. ట్యాప్ చుట్టుకి ఒకటిన్నర దిగుతానంటుంది, మెషీను అరకంటే ఎక్కువ దిగనివ్వనంటుంది. అల్యూమినియమైతే కోసిన చుట్లని అదే గొరిగేసుకుని నున్నటి కన్నం మిగులుతుంది. స్టీలైతే ట్యాప్ విరుగుతుంది.

ట్యాప్‌ని పట్టుకునే ఫ్లోటింగ్ హోల్డర్ పెట్టాడనుకోవచ్చుగా అని వాదిస్తావేమో. అందులో స్ప్రింగు ఉంటుంది నిజమే, కాస్త సాగుతుంది. అలాంటి హోల్డర్‌కి మేమే ఫీడ్ ఓ రెండు మూడు శాతం తగ్గించి ఇచ్చేవాళ్ళం. నూటికి రెండు మూడు! నీ లెక్కలో చుట్టుకి పూర్తిగా ఒక మిల్లీమీటరు వెనకబడుతోంది. ఏ స్ప్రింగు ఎంతసేపు సాగుతుంది?

తర్వాతి పేరాలో ఫోర్‌మన్ వచ్చి 'టార్గెట్ అవ్వలేదు' అని అరిస్తే హీరో స్పీడ్ 500 చేశాడు. ఫీడ్ ముట్టుకోలేదు. 500 చేస్తే ఫీడ్ 750 అవ్వాలి. ఫీడ్‌ని చుట్టు లెక్కన తీసుకోమనే జి95 కోడ్ పెట్టుకున్నవాడికైతే ఈ బాధ లేదు, ఎఫ్ దగ్గర పిచ్ 1.5 అని రాసేస్తే స్పీడ్ ఎంత మార్చినా మెషీనే చూసుకుంటుంది. కానీ నీవాడు ఎఫ్150 కొట్టాడంటే నిమిషాల లెక్కలోనే ఉన్నాడు.

'కథకి ఇంత లెక్క అవసరమా మాస్టారూ' అని నువ్వు మనసులో అనుకుంటున్నావు. నాకు వినపడుతోంది. అవసరమే. పని మీద కథ రాస్తే పని సరిగ్గా ఉండాలి, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పొలం మీద రాసినవాడు ఆకుమడి వేసిన మర్నాడే నాట్లు వేయించేస్తే మన శ్రీకాకుళంలో ఒక్కడూ ఊరుకోడు. మెషీన్ షాపు మీద రాసేటప్పుడు మాత్రం ఎవడికి తెలుస్తుందిలే అన్న ధీమా. చదివేవాళ్ళలో టర్నర్లుండరనా? కథానిలయానికి వెళ్ళినప్పుడు చూడు, మన జిల్లాల కథల్లో రైతు ఉన్నంత దిట్టంగా ఫిట్టరు ఉన్నాడేమో. నేను చదివినంతలో లేడు. ఆ ఖాళీలోకి నువ్వొచ్చావు, అందుకే ఈ కోపం.

నా సంగతి చెప్తా విను. నేను సి.ఎన్.సి. మెషీను మొదటిసారి ముట్టుకున్న ఏడాది, సిరిమానోత్సవం మర్నాడు. సగం మంది డ్యూటీకి రాలేదు. జూట్ మిల్లు మెషీను గేరు బాక్సు వచ్చింది, పోత ఇనుముది. ఆ మిల్లుల్లో పాత ఇంగ్లీషు మెషీన్లు, వాటివన్నీ అంగుళాల థ్రెడ్లు. విట్‌వర్త్ అనే ఆయన 1841లో పెట్టిన కొలతలు. నేను వెయ్యాల్సింది అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల ట్యాప్, అంగుళానికి 16 చుట్లు. చూపుకి ఎం10 పక్కన అన్నదమ్ముల్లా ఉంటుంది. పిచ్ కూడా అదేలే అనుకుని 300కి 450 కొట్టేశాను. అసలు పిచ్ 25.4ని 16తో భాగించాలి, 1.5875. ఫీడ్ 476.25 రావాలి. చుట్టుకి తేడా 0.0875, వెంట్రుక మందం. కన్నం లోతు 20 మిల్లీమీటర్లు. అడుగుకి చేరేసరికి పదమూడు చుట్లు దాటతాయి, వెంట్రుకలన్నీ కలిసి మిల్లీమీటరు పైన అయ్యాయి.

చప్పుడు పెద్దగా రాలేదు. 'టిక్' అంది, ఎవరో గోరు కత్తిరించుకున్నట్టు. ట్యాప్‌ని తిప్పే స్పిండిల్ పైకొచ్చింది, చివర ట్యాప్ మొండిగా ఉంది. మిగతా ముక్క కన్నంలో, అదీ అవతలికి తెరుచుకోని కన్నంలో. మా మేస్త్రీ వచ్చాడు. తిడతాడనుకున్నాను. జేబులోంచి సుద్దముక్క తీసి మెషీను తలుపు మీద 25.4 రాశాడు. 'ఏటి, బాగించు' అన్నాడు. భాగించాను. నాలుగో అంకె దాకా చెయ్యించాడు. తలుపు మీద ఆ లెక్క వారం రోజులుంది, తుడవనివ్వలేదు. ఓనరు మాత్రం ఆ బాక్సు ఖరీదు నా జీతంలో నెలనెలా కోసుకున్నాడు.

ఇదే కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. పేరెందుకులే. ఎడిటరుగారికి తెలుగంటే మహా ప్రాణం. అచ్చులో చూస్తే 'కుళాయి విరిగి రంధ్రమున ఇరుక్కుపోయింది' అని ఉంది. ట్యాప్ అంటే కుళాయి కదా మరి! మేస్త్రీ చేత 'ఏమిటి, భాగించుము' అనిపించారు. 1.5875 ఎగిరిపోయింది, అంకెలు పాఠకుడికి అడ్డం అట. షాపులో మావాళ్ళు ఆ పేజీ గోడకి అంటించి, 'ప్లంబింగు పన్లో సేరిపోనావేటి మావా?' అని నెల రోజులు ఏడిపించారు. ఆ ఎడిటరుగారికి తర్వాత ఏదో సన్మానం జరిగింది, నన్ను పిలిచారు, నేను వెళ్ళలేదు.

ఇప్పటి వాళ్ళు ఇంకో రకం. ఫీడ్ అంటే ఫోన్లో బొటనవేలితో తోసేది అనుకుంటారు. కథ కిటికీ, వాన, కాఫీతో మొదలవ్వాలి. నువ్వు ఆ దారి పట్టలేదు, సంతోషం.

అందుకని ఐదో పేజీ కొట్టేసి మళ్ళీ రాయి. ఎఫ్150 అలాగే ఉంచు కావాలంటే, కానీ ట్యాప్ విరగనీ. నైట్ షిఫ్టు, ఒంటరి కుర్రాడు, కన్నంలో ఇరుక్కున్న ముక్క, తెల్లారితే ఫోర్‌మన్ వస్తాడు. అప్పుడు వాడికి నాన్న గుర్తొస్తే నేనూ ఏడుస్తాను. ముందు ఒకరోజు ఆటోనగర్‌లో ఏ షాపులోనైనా నిలబడి చూడు. వదులు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళకు. చేతి ట్యాప్ ఇస్తే ఒకసారి తిప్పి చూడు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. చిప్పు తెగినప్పుడు అరచేతికి తెలుస్తుంది.

పోటీకి పంపమంటారా, సంపుటికి ముందుమాట రాస్తారా అని అడిగావు. ముందు ఐదో పేజీ పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, వెనక సిరా ఇవతలికి దిగి చంపేస్తోంది.

ఇట్లు,
నీ మాస్టారు

తా.క.: ఏడో పేజీలో పక్క మెషీను కుర్రాడు పరుగున వచ్చి ఫీడ్ పెంచి తగ్గించే ఓవర్‌రైడ్ నాబ్ తిప్పి జాబ్ కాపాడాడని రాశావు. ట్యాపింగు కోడ్ జి84లో ట్యాప్ కోస్తున్నంతసేపూ ఆ నాబ్ ఎంత తిప్పినా మెషీను వినదు, నూరు శాతంలోనే పోతుంది. వాణ్ణి పరిగెత్తించు, నాబ్ తిప్పించు, కానీ ఏమీ అవ్వకూడదు.